మా కర్నూలుకు ఒక డిటెక్టివ్‌ని ఇవ్వండి

తెలుగు టీవీ, ఓటీటీ సీరియళ్లు రాసేవారికి, తీసేవారికి బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. నేను కర్నూలులో దస్తావేజులు రాసుకొని బతికేవాణ్ని. పగలంతా సర్వే నంబర్లు, చెక్కుబందీలు, సాక్షుల సంతకాలు. రాత్రి అన్నం తిన్నాక డిటెక్టివ్ సీరియళ్లు, అవీ పాతవి. దూరదర్శన్‌లో వచ్చిన 'కరంచంద్', 'బ్యోమ్‌కేశ్ బక్షీ' వచ్చినప్పుడే చూశాను. అమెరికా వాళ్ల 'రాక్‌ఫర్డ్ ఫైల్స్', 'మ్యాగ్నమ్ పీఐ', 'మానిక్స్' లాంటివి చాలా ఆలస్యంగా దొరికాయి, మొదట డీవీడీల్లో, తర్వాత ఫోన్లో. చూసినవే మళ్లీ మళ్లీ చూస్తాను. హంతకుడెవరో ముందే తెలిసినా చూస్తాను. తెలిసిన కథను ఇంకోసారి ఎందుకు చూడాలనిపిస్తోందో ఆలోచిస్తే ఒక సంగతి తేలింది. అది మీతో చెప్పుకొని, మిమ్మల్ని ఒకటి అడగాలని ఈ ఉత్తరం.

అడిగేది ముందే అడిగేస్తాను. తెలుగులో ఒక మంచి ప్రైవేట్ డిటెక్టివ్ సీరియల్ తీయండి. దాన్ని హైదరాబాద్‌లో పెట్టకండి. కర్నూలులోనో కడపలోనో అనంతపురంలోనో పెట్టండి.

డిటెక్టివ్ అనగానే మన దగ్గర అది పోలీసు కథ అయిపోతోంది. పోలీసు కథలు చెడ్డవని నేను అనను. 'కొలంబో' గొప్ప సీరియల్, ఆయన లాస్ ఏంజెలెస్ పోలీసు లెఫ్టినెంటే. హిందీలో 1998లో మొదలైన 'సీఐడీ'ని మా ఇళ్లలో పిల్లాపెద్దా అందరూ చూశారు. కానీ పోలీసు తలుపు కొడితే తీసి తీరాలి. ప్రైవేట్ డిటెక్టివ్ తలుపు కొడితే "ఎవరు నువ్వు, నీకెందుకు చెప్పాలి?" అని మొహం మీదే వేసేసుకోవచ్చు. వాడి దగ్గర లాఠీ లేదు, వారెంటు లేదు, జీపు లేదు. మాటలతోనే నెగ్గుకు రావాలి. నాకు ఆ ఇబ్బందిలోనే కథ కనపడుతుంది.

ఇన్నింటిలో ఏది గొప్పదని ఎవరైనా అడిగితే నేను తడుముకోకుండా 'రాక్‌ఫర్డ్ ఫైల్స్' అంటాను. 1974 నుంచి 1980 దాకా అమెరికా టీవీ ఛానల్ ఎన్‌బీసీలో వచ్చింది. రాయ్ హగిన్స్, స్టీఫెన్ కానెల్ దాని సృష్టికర్తలు. జిమ్ రాక్‌ఫర్డ్‌గా జేమ్స్ గార్నర్ వేశాడు. ఆ డిటెక్టివ్ చేయని నేరానికి శాన్ క్వెంటిన్ జైల్లో ఉండి, తర్వాత క్షమాభిక్షతో బయటికొచ్చినవాడు. మాలిబు దగ్గర సముద్రపు ఒడ్డున ఒక పాత ట్రైలర్లో ఉంటాడు. అదే ఇల్లు, అదే ఆఫీసు. ఫీజు రోజుకు 200 డాలర్లు, ఖర్చులు అదనం. చాలాసార్లు ఆ డబ్బు చేతికి రాదు. ప్రతి ఎపిసోడ్ అతని ఆన్సరింగ్ మెషీన్లో ఎవరో వదిలిన మాటతో మొదలవుతుంది, ఏ వారానికి ఆ వారం కొత్తది. బాకీ గుర్తు చేసేవాడో, బిల్లు అడిగేవాడో, ఏదో చిల్లర తలనొప్పి. కథ ఇంకా మొదలు కాకముందే ఈ మనిషి చేతిలో డబ్బు ఆడటం లేదని మనకు తెలిసిపోతుంది. పిస్తోలు బిస్కెట్ల డబ్బాలో పడి ఉంటుంది. కొట్లాట తప్పించుకునే దారి ఉంటే తప్పించుకుంటాడు, దెబ్బ తగిలితే నొప్పితో మూలుగుతాడు. తండ్రి రాకీ లారీ నడిపి రిటైరైన మనిషి. ఈ పనికిమాలిన వృత్తి మానేసి లారీ తోలుకోరా అని కొడుకును పోరుతూ ఉంటాడు. మా వైపు ఏ ఇంట్లోనైనా వినపడే గొడవే ఇది.

ఆ సీరియల్లో నాకు బాగా ఇష్టమైన వస్తువు ఒకటుంది. రాక్‌ఫర్డ్ తన కారులో ఒక చిన్న అచ్చు మిషన్ పెట్టుకొని తిరుగుతాడు. ఏదైనా ఆఫీసులోకి పోయి విషయం రాబట్టాలంటే కారు ఆపి, అప్పటికప్పుడు ఒక పేరు, ఒక కంపెనీ అచ్చు కొట్టుకుంటాడు. ఆ విజిటింగ్ కార్డు జేబులో వేసుకొని ఇన్సూరెన్స్ మనిషిగానో గవర్నమెంటు మనిషిగానో దిగుతాడు. అధికారం లేనివాడు నోటితో, ఒక అట్టముక్కతో పని జరుపుకొనే తీరు అది. రచయితలు బల్ల ముందు కూర్చొని ఊహించే గొప్ప గొప్ప ట్విస్టుల కంటే ఆ అట్టముక్క నాకు ఎక్కువ గుర్తుంది.

మరి మా కర్నూలు డిటెక్టివ్‌కు ఆ మిషన్ అక్కర్లేదు. మా దగ్గర అంతకన్నా పదునైన పనిముట్టు ఉంది. కొత్త మనిషి ఎదురుపడగానే "మీదే ఊరన్నా? ఎవరి తాలూకా?" అని అడుగుతాం. ఇద్దరూ ఆదోని దాటి ఏదో ఒక ఊరి పేరు దగ్గర కలుస్తారు. ఆ ఊళ్లో ఎవరో ఇద్దరికీ తెలిసుంటారు. వరస కలుస్తుంది, మామ అవుతాడు, చిన్నాయన అవుతాడు, ఇంత టీ వస్తుంది. ఆ టీ తాగే లోపల పోలీసులు వారం తిప్పినా చెప్పని సంగతి బయటపడుతుంది. ఇదంతా నేను రోజూ నా బల్ల దగ్గర చూస్తున్నదే. అమ్మేవాడు, కొనేవాడు పక్కపక్కన కూర్చొని సాక్షులు వచ్చేదాకా మాట్లాడుకుంటుంటే ఎన్ని రహస్యాలు దొర్లుతాయో! ఇంత మంచి విచారణ పద్ధతి మన మాటల్లోనే ఉండగా, మన తెర మీది డిటెక్టివ్ మాత్రం కోటు వేసుకొని ఇంగ్లీషులో దబాయిస్తుంటే బాధగా ఉంటుంది.

'మ్యాగ్నమ్ పీఐ' సంగతి వేరు. 1980 నుంచి 1988 దాకా సీబీఎస్‌లో నడిచింది. హవాయి దీవులు, టామ్ సెలెక్ మీసం, ఎర్ర ఫెరారీ. కళ్లకు పండగే. అయితే గమనించండి, ఆ ఫెరారీ అతనిది కాదు, ఇల్లూ అతనిది కాదు. రాబిన్ మాస్టర్స్ అనే రచయిత ఎస్టేటుకు కాపలా పేరుతో గెస్ట్ హౌస్‌లో ఉచితంగా ఉంటాడు. ఎస్టేటు చూసుకునే హిగిన్స్‌తో ప్రతి చిన్నదానికీ పేచీయే, కారు తీయాలన్నా, టెన్నిస్ ఆడాలన్నా. జియస్, అపోలో అని రెండు డాబర్‌మన్ కుక్కలు ఎప్పుడెప్పుడు మీద పడదామా అని చూస్తుంటాయి. ఆ హిగిన్స్ లేకపోతే మ్యాగ్నమ్ వట్టి అందగాడుగా మిగిలిపోయేవాడు. వియత్నాం యుద్ధంలో కలిసి పనిచేసిన స్నేహితులు టీసీ, రిక్ ఉంటారు. యుద్ధం వాళ్లను వదలలేదన్న బరువు కథలో అప్పుడప్పుడు పైకి తేలుతుంది, అప్పుడు ఆ సీరియల్ చాలా ఎత్తుకు పోతుంది. కానీ బతుకుదెరువు బెంగ లేని డిటెక్టివ్ కాబట్టి నాకు రాక్‌ఫర్డ్ తర్వాతే. ఇదే సెలెక్ అంతకుముందు 'రాక్‌ఫర్డ్ ఫైల్స్'లో లాన్స్ వైట్ అనే డిటెక్టివ్‌గా కనిపించాడు. ఏం చేసినా కలిసొచ్చే మనిషి, బట్టలు నలగవు, అనుమానం పెట్టిన చోటే ఆధారం దొరుకుతుంది. వాణ్ని చూసి రాక్‌ఫర్డ్ ఉడికిపోతుంటాడు. మీరు హీరోను రాసే ముందు ఆ ఎపిసోడ్లు ఒకసారి చూడాలి. మన తెరమీద లాన్స్ వైట్‌లే ఎక్కువయ్యారు.

'మానిక్స్' గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అందులో మీకు నేరుగా పనికొచ్చే సంగతి ఉంది. 1967లో మొదలైనప్పుడు జో మానిక్స్ ఇంటర్‌టెక్ట్ అనే పెద్ద ఏజెన్సీలో ఉద్యోగి. ఆ ఏజెన్సీలో కంప్యూటర్లు కేసులు తేలుస్తుంటాయి, మానిక్స్ వాటితో పడక తన దారిన పోతుంటాడు. రెండో సీజన్‌కల్లా కంప్యూటర్లు, ఏజెన్సీ రెండూ తీసేశారు. సొంత ఆఫీసు పెట్టించి, పెగ్గీ ఫెయిర్ అనే సెక్రటరీని ఇచ్చారు. పోలీసు భర్తను పోగొట్టుకొని, కొడుకును పెంచుకుంటున్న నల్లజాతి స్త్రీ పాత్ర అది. ఆ పాత్ర వేసిన గెయిల్ ఫిషర్‌కు 1970లో ఎమ్మీ అవార్డు వచ్చింది. సీరియల్ 1975 దాకా నడిచింది. కంప్యూటర్ పోయి మనిషి వచ్చాక నిలబడిన సీరియల్ అది.

ఇప్పుడు మీ కథలు చూడండి. కేసు చిక్కుపడగానే ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాడు, టపటపా నాలుగు మీటలు నొక్కుతాడు, టవర్ లొకేషన్ వచ్చేస్తుంది, సీసీ కెమెరాలో మొహం పెద్దదవుతుంది. అయిపోయింది. 1968లోనే అమెరికాలో పక్కన పెట్టేసిన పద్ధతి ఇది. పైగా మన దేశంలో ప్రైవేట్ మనిషికి ఎవరి కాల్ డేటా చూసే హక్కూ లేదు, అలా సంపాదిస్తే అది నేరం. ప్రైవేట్ డిటెక్టివ్‌లకు లైసెన్సు ఇచ్చే కేంద్ర చట్టమే మనకు లేదు. 2007లో రాజ్యసభలో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. కాలిఫోర్నియాలో రాక్‌ఫర్డ్‌కు లైసెన్సు ఉంది, అది ఎక్కడ పీకేస్తారోనన్న భయం ఉంది. మన డిటెక్టివ్‌కు పోగొట్టుకోవడానికి లైసెన్సు కూడా లేదు, అడ్డం పెట్టుకోవడానికీ లేదు. స్టేషన్లో ఎస్సై "అసలు నువ్వెవడివి?" అంటే చూపించుకోవడానికి ఏమీ ఉండదు. ఈ టెన్షన్ ఎంత బలమైనదో మీలాంటి రచయితలకు నేను చెప్పాలా?

ఇక మన సొంత సీరియళ్లు. 'బ్యోమ్‌కేశ్ బక్షీ' 1993లో దూరదర్శన్‌లో వచ్చింది. బాసు చటర్జీ తీశాడు, రజిత్ కపూర్ వేశాడు. 2020 లాక్‌డౌన్‌లో మళ్లీ వేస్తే కొత్తవాళ్లు కూడా చూశారు. తుపాకులు పేలవు, ఎవరూ అరవరు. పంచె కట్టుకున్న మనిషి కుర్చీలో కూర్చొని ఎదుటివాడు చెప్పేది పూర్తిగా వింటాడు. వినడాన్ని అంత బాగా చూపించిన సీరియల్ నేను ఇంకోటి చూడలేదు. డిటెక్టివ్‌లు మామూలుగా ఒంటిగాళ్లు. బ్యోమ్‌కేశ్ మాత్రం ఓ వీలునామా గొడవల ఇంట్లో హత్య జరిగితే, ఆ కేసులోనే సత్యవతిని చూసి పెళ్లి చేసుకుంటాడు. సంసారం ఉన్న డిటెక్టివ్. అందుకే మన ఇళ్లలోకి అంత సులువుగా వచ్చాడు.

గ్రామఫోన్ పిన్నుల కథ గుర్తుందా? సైకిల్ బెల్లు మోగుతుంది, నడిచే మనిషి గుండె పట్టుకొని పడిపోతాడు, లోపల గ్రామఫోన్ పిన్ను. ఆ కథలో బ్యోమ్‌కేశ్ పేపర్లో వార్తలు వదిలేసి చిన్న ప్రకటనలు చదువుతాడు. అసలు వార్తలు అక్కడే ఉంటాయని అతని నమ్మకం. నా వృత్తిలో ఉన్నవాడు ఆ మాటకు చేతులెత్తి దండం పెడతాడు. మా జిల్లా పేపరు తిరగేసి చూడండి. ఫలానా సర్వే నంబరులో భూమి మా క్లయింటు కొనదలచారు, అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లో తెలపాలి అని ఒక లాయరు. ఒరిజినల్ దస్తావేజు బస్సులో పోయింది, దొరికినవారు ఇవ్వగలరు అని ఒక పెద్దాయన. పేరు మార్చుకున్నానని ఒకడు. నాతో సంబంధం లేదు, అప్పులు ఇవ్వొద్దు అని కొడుకు గురించి ఒక తండ్రి. ఒక్కో ప్రకటన వెనక ఒక ఎపిసోడ్ ఉంది.

దగ్గర్నుంచి ఒకటి చూపిస్తాను. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, వాళ్లతోనూ సంతకాలు పెట్టిస్తే చెల్లుతుంది. కాబట్టి దొంగ వీలునామా పుట్టించాలన్న ఆశ కూడా సులువుగానే పుడుతుంది. ఇప్పుడు ఇలా అనుకోండి. ఒక పెద్దమనిషి పోయాడు. చిన్నకొడుకు ఒక తెల్లకాగితం తెచ్చాడు. కాగితం పసుపుపచ్చగా ఉంది, మడతలు చిరిగి ఉన్నాయి, 2016 నాటి తేదీ ఉంది. సాక్షులిద్దరూ ఇప్పుడు లేరు. సంతకం అచ్చం తండ్రిదే. కూతురు ఏడుస్తూ మన డిటెక్టివ్ దగ్గరికి వచ్చింది. అతను కాగితం చదువుతాడు, మళ్లీ చదువుతాడు, మూడో వరుస మీద వేలు పెడతాడు. అక్కడ ఊరి పేరు తర్వాత "నంద్యాల జిల్లా" అని ఉంది. నంద్యాల జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. 2016లో ఆ ఊరు కర్నూలు జిల్లా. అంతే, టవర్ లొకేషన్ లేదు, ల్యాప్‌టాప్ లేదు. కర్నూలు సీమలో చదువుకున్న ప్రతివాడూ టీవీ ముందు ఎగిరి గంతేస్తాడు, ఎందుకంటే ఆ ఆధారం వాడి కళ్లముందే ఉంది, వాడే పట్టుకోవచ్చు.

ఇంకొకటి. స్టాంపు కాగితం ముందువైపు అందరూ చదువుతారు. వెనక్కి తిప్పితే వెండర్ రాసిన సీరియల్ నంబరు, అమ్మిన తేదీ, కొన్నవాడి పేరు ఉంటాయి. ముందు రాసిన అగ్రిమెంటు తేదీ కంటే వెనక అమ్మిన తేదీ తర్వాతది అయితే? ఒరిజినల్ ఏదయ్యా అంటే "2009 వరదల్లో పోయింది సార్" అంటారు. ఆ అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి మా ఊరిని ముంచినప్పుడు నిజంగానే ఎంతోమంది బీరువాలు, పెట్టెలు, అందులో కాగితాలు నీళ్లపాలయ్యాయి. నిజంగా పోగొట్టుకున్నవాళ్లలో అబద్ధం చెప్పేవాణ్ని ఏరడం ఎంత కష్టమో, ఎంత బాధ్యతో ఆలోచించండి. ఆ కథ ఇంకో ఊళ్లో పుట్టదు.

'కరంచంద్' 1985లో వచ్చింది. పంకజ్ కపూర్ నల్లకళ్లద్దాలు పెట్టుకొని క్యారెట్ కొరుకుతూ కేసులు తేల్చేవాడు. కర్నూలు పాతబస్తీలో ఉర్దూ ఇంటి భాష కాబట్టి మాకు హిందీ సీరియల్ పరాయిదనిపించలేదు. వేగం, చమత్కారం రెండూ ఉన్న సీరియల్. అయితే అసిస్టెంట్ కిట్టీని నోరు మూయించడం మాత్రం నాకు ఇప్పుడు గొంతు దిగదు. సుస్మితా ముఖర్జీ ఎంత చక్కగా చేసింది! ఆ అమ్మాయి అడిగే ప్రశ్నలే మనకూ ఉంటాయి. అడిగిన ప్రతిసారీ "షటప్ కిట్టీ".

దీనికి జవాబు లాంటిది అమెరికాలో 1982లో వచ్చిన 'రెమింగ్టన్ స్టీల్'. లారా హోల్ట్ అనే యువతి సొంత పేరుతో డిటెక్టివ్ ఏజెన్సీ పెడితే ఎవరూ రారు. రెమింగ్టన్ స్టీల్ అని లేని మగ బాస్ ఒకణ్ని పుట్టించి బోర్డు మీద రాస్తే జనం వస్తారు. తర్వాత ఆ పేరుతో ఒక మనిషే వచ్చి కుర్చీలో కూర్చుంటాడు. పియర్స్ బ్రాస్నన్ వేశాడు. తెలివి ఆమెది, పేరు అతనిది. ఈ పరిస్థితి కడపలో ఆడపిల్ల ఆఫీసు పెడితే ఎలా ఉంటుందో మీరు ఒక్క పూట కూర్చొని రాయగలరు. నిజానికి మా వైపు ఈ పనికి ఆడమనిషే సరైనది. పెళ్లి సంబంధాల వాకబు కోసం వంటింటి దాకా పోగలిగేది ఆమే. కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు ఇంటి పనికి పోయిన తల్లులు ఎంతోమంది. ఏజెంటు చెప్పిన జీతం ఒకటి, అక్కడ ఇచ్చేది ఒకటి. పాస్‌పోర్టు యజమాని దగ్గర, ఫోన్ ఎప్పుడో. అలా ఫోన్ ఆగిపోయిన తల్లి కోసం ఒక పిల్ల డిటెక్టివ్ మెట్లెక్కితే, ఆ కేసును మగవాడి కంటే ఆమె ఎన్నో రెట్లు బాగా పట్టుకుంటుంది. ఏజెంటు భార్యతో మాట్లాడాలి కదా, అదీ పెరట్లో కూర్చొని.

కథలకు కరువు లేదు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర, పత్తికొండ పొలాల్లో వజ్రాల కోసం పిల్లాజెల్లాతో దిగుతారు. కర్ణాటక నుంచీ తెలంగాణ నుంచీ వచ్చి చెట్ల కింద వంటలు చేసుకొని, వంగి నేలనే చూస్తూ తిరుగుతారు. విత్తిన చేను తొక్కొద్దని రైతులు గొడవ. రాయి దొరికిందంటే వ్యాపారులు గుట్టుగా చేరి ధర కడతారు, నగదుతో పాటు తులాల లెక్కన బంగారం కూడా ఇస్తారు. దొరికింది ఒకరికి, పొలం ఇంకొకరిది, అమ్మింది మూడోవాడు. పోలీసు దగ్గరికి ఎవరూ పోలేరు. ప్రైవేట్ డిటెక్టివ్ కావాల్సింది ఇక్కడ కాక ఇంకెక్కడ? ఆదోనిలో పత్తి కొని రైతుల డబ్బు ఎగ్గొట్టి ఐపీ పెట్టినవాడి ఆస్తులు బావమరిది పేరు మీద ఎక్కడున్నాయో వెతకడం ఒక కథ. బెంగళూరులో ఉండే యజమానికి తెలియకుండా, అతని పేరుతో వేరే మనిషిని నిలబెట్టి అనంతపురం ప్లాటు అమ్మేయడం ఒక కథ. హైదరాబాద్, బెంగళూరు రెండింటికీ మధ్య ఎన్‌హెచ్ 44 మీద ఉన్న ఊరు మాది. అటునుంచి ఇటు పారిపోయేవాడు, ఇటునుంచి అటు పారిపోయేవాడు కర్నూలులో టిఫిన్‌కు ఆగాల్సిందే.

ఇంత ఉండి కూడా తెరమీద మా ప్రాంతం అంటే ఇప్పటికీ సుమోలు, బాంబులు, తొడగొట్టడం. మా యాస వినపడితే చాలు, వాడు నరికేవాడు అని ప్రేక్షకుడు ఫిక్సయిపోయేలా చేశారు. ఇది మాకు నిజంగా నొప్పి. ఈ యాసలో తెలివి కూడా మాట్లాడుతుందని, ఓపిక కూడా మాట్లాడుతుందని ఒక్కసారి వినిపించండి. 2019లో నెల్లూరు డిటెక్టివ్ కథ సినిమాగా వస్తే జనం ఆదరించారు కదా. చిన్న ఊరి డిటెక్టివ్‌ను ఎవరు చూస్తారన్న అనుమానం అక్కడే తీరిపోవాలి.

ఒక్క షరతు. దయచేసి దీన్ని రోజువారీ సీరియల్ చేయకండి. ఒక ఆధారాన్ని మూడు వారాలు లాగితే అది ఆధారంగా మిగలదు. వారానికి ఒక్క రోజు, ఒక కేసు, మరీ పెద్దదైతే రెండు వారాలు. దూరదర్శన్ రోజుల్లో మాదిరి మొదట 13 ఎపిసోడ్లు రాయండి. డిటెక్టివ్ ఫీజు ఎంతో మొదటి ఎపిసోడ్లోనే చెప్పించండి. ఆఫీసు అద్దె ఎంతో, ఎవరు బాకీ ఉన్నారో, ఇంట్లో ఎవరు తిడుతున్నారో చూపించండి. కొండారెడ్డి బురుజు ఎదురుగా సందులో మేడమీద గదులు తక్కువ అద్దెకే దొరుకుతాయి, షూటింగ్‌కు కూడా.

దస్తావేజుల విషయంలో ఏ సందేహం వచ్చినా చెప్పడానికి నేనూ నాతోటి లేఖరులూ సిద్ధంగా ఉన్నాం. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం, ఎలా చదవాలి, లింకు డాక్యుమెంటులో, అంటే అదే ఆస్తి పాత దస్తావేజులో, ఎక్కడ తేడా పడుతుంది, వేలిముద్ర ఎవరిదో ఎలా అనుమానించాలి, అన్నీ కూర్చోబెట్టి చూపిస్తాం. మీ రచయితల్లో ఎవరినైనా పంపండి. ఆదివారం తప్ప ఏ రోజైనా రావచ్చు, ఉదయం పదిన్నర లోపల వస్తే రద్దీ ఉండదు.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి,
కర్నూలు